చేపలు పిలిచిన తెల్లవారుజాము

ఇవాళ పొద్దున్నే కరెంటు పోయింది. అక్వేరియంలో బుడగల చప్పుడు ఆగేసరికి ఇల్లంతా ఖాళీ అయినట్టనిపించింది.

చిన్నప్పుడు అమలాపురం దగ్గర మా ఉమ్మడి ఇంట్లోనూ ఒక గాజుతొట్టె ఉండేది. రొయ్యల చెరువుల మీద పనిచేసే బాబాయి గారు అందులో మొక్కలు నాటి, గోల్డ్‌ఫిష్‌లు వేశారు. చెరువు దగ్గరి అలవాటు కొద్దీ రోజూ చీకటితోనే లేచి తొట్టె చూసేవారు.

“రాత్రంతా మొక్కలు కూడా నీళ్లలోని గాలి పీల్చేస్తాయమ్మా. రొయ్యకైనా చేపకైనా తెల్లారగట్లే గండం,” అనేవారు. అర్థం కాకపోయినా “ఆయ్” అనేదాన్ని.

ఓ తెల్లవారుజామున చెరువు నీళ్లకు గాలి అందించే ఫ్యాను ఆగిపోతే బాగుచేయబోయి, బాబాయి గారు షాక్ కొట్టి పోయారు. పిన్ని గారు ఇంట్లో ప్లగ్గులన్నీ పీకేశారు. తొట్టె మోటారుది కూడా.

మర్నాడు వెలుగు రాకముందే లేచి చూస్తే, చేపలన్నీ నీటి పైకి చేరి నోళ్లు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి.

“పిన్ని గారూ, చేపలు బాబాయి గారిని పిలుస్తున్నాయండీ!”

ఆవిడ వచ్చి చాలాసేపు చూశారు.

“పిలవట్లేదమ్మా. ఊపిరాడక పైకొచ్చేయి.”

చెయ్యి కొంగుకు తుడుచుకున్నారు. మళ్లీ తుడుచుకున్నారు. కళ్లు గట్టిగా మూసుకుని ప్లగ్గు పెట్టారు. బుడగలు లేచాయి. చేపలు మెల్లగా మొక్కల్లోకి దిగాయి. పిన్ని గారు మాత్రం ప్లగ్గు దగ్గరే నిలబడి కళ్లు తెరవలేదు.

ఇవాళ కరెంటు ఇంకా రాలేదు. నా చేపలు ఒక్కొక్కటే పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. గాలి కోసమేనని తెలుసు. అయినా వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూశాను.