నీళ్లకు అడ్డం పడే శ్రీరంగం బావ

పారే నీళ్లు కనిపిస్తే మా బావ శ్రీరంగానికి చేతులు ఊరుకోవు. ఏదో ఒకటి తెచ్చి అడ్డం పెట్టాల్సిందే. చెంబెడు నీళ్లు ఒలికినా చెరువుకు గండి పడ్డట్టు పరుగెత్తేవాడు. పుట్టుకతో వచ్చింది కాదు, నలభై దాటాక పట్టుకున్న పిచ్చి.

అప్పుడింకా అంతా బస్తర్ జిల్లాయే. ఎర్రబోరులో రోడ్డు పక్కన మా కొట్లు. నాది బట్టలు, ఆయనది కిరాణా, చింతపండు వ్యాపారం. వాన మొదలైతే ఆయన తూకం రాళ్లన్నీ వీధి కాలవలో ఉండేవి.

"బావా, రెండు కిలోల రాయేది?"

"అది పనిలో ఉంది. కిలో రాయితో రెండుసార్లు తూచు."

మా అక్క కమలాకుమారి అంట్లు తోమే చోట కట్ట కట్టి, దాని మీద వట్టివేళ్ల దుబ్బు నాటాడు. "వేళ్లు మట్టిని పట్టుకుంటయి, మట్టి నీళ్లను పట్టుకుంటది" అన్నాడు.

"నన్నెవరు పట్టుకుంటరు?" అని అరిచింది అక్క, అప్పటికే ఆ బురదలో జారి కూర్చుని.

మా పెద్దమ్మాయి పెళ్లిలో అల్లుడి కాళ్లు కడుగుతుంటే పళ్లెంలో నీళ్లు పొర్లాయి. బావ గబుక్కున వక్కలు తెచ్చి వరసగా పేర్చాడు. అదేదో మా ఆచారమనుకుని వియ్యంకుడు భక్తిగా తనూ రెండు వక్కలు పెట్టాడు.

ఇంతవరకూ నవ్వులాటే. తర్వాత బావ కొండ మీద పడ్డాడు. ఒక ఎండాకాలమంతా సైకిలెక్కి పోయి, జీడివాగు పుట్టే చోట నుంచి మోకాలెత్తు రాతికట్టలు ఇరవై పేర్చాడు. ఒడ్లన గడ్డి నాటాడు. ఏటా కొండవాలు గడ్డికి నిప్పు పెట్టేవాళ్లను బతిమాలి మాన్పించాడు.

"ఇదంతా ఎందుకు బావా?"

"మట్టి కొట్టుకొచ్చి నా కొట్టు ముందు పడుతున్నది."

కొండకూ కొట్టుకూ నాలుగు కోసుల దూరం!

ఆ కార్తీకంలో వాగు సన్నబడింది. దిగువ ఊరి రైతు ఇర్మా పదిమందిని వెంటేసుకుని కొట్టుకొచ్చాడు.

"ఏంది సావుకారీ, పైన నీళ్లు బంద్ చేసినవ్. మా మినప చేలు ఎండుతున్నయి. రేపు కట్టలన్నీ పీకుతం."

బావ ముఖం పాలిపోయింది. "ఆపలేదు ఇర్మా, మెల్లగ నడువుమన్న. నేల తాగినాక మీకే ఇడుస్తది. ఒక్క ఎండాకాలం చూడుండ్రి. రాకుంటే నేనే పీకుత."

"అప్పటిదాక ఏం తినాలె?"

"నా కొట్లో ఉన్నది తిందాం."

అన్నట్టే, చేలు సగమే పండితే మినుములు బండి మీద పంపాడు. అక్క నెలరోజులు ఆయనతో మాట్లాడలేదు.

శివరాత్రికల్లా ఒట్టి ఇసకయ్యే జీడివాగు, ఉగాది దాటినా దారంలా పారింది. మరుసటేడు నడిఎండల్లో పశువులు దిగి తాగాయి. ఇర్మా మళ్లీ వచ్చాడు. గొడవేమోనని నేను లేచి నిలబడ్డాను.

"ఇరవై ఒకటో కట్ట ఏడ పెడదాం సావుకారీ?" అన్నాడు.

ఆ రోజు నేనూ వెంట వెళ్లాను. కొండ మీది గూడెంలో పొజ్జే అనే ముసలామె బావను చూసి బోసినోటితో నవ్వింది. అసలు సంగతి ఆమె చెప్పింది. ఐదేళ్ల కింద చింతపండు కొనడానికి వచ్చి బావ దాహమడిగాడట. సొరబుర్రెడు నీళ్లిస్తే గటగటా తాగేసి, ఇంకో బుర్ర అడిగాడట.

"లేవు సావుకారీ. ఆ బుర్రెడు కూడ పొద్దుగాల నుంచి చెలమ కాడ కూసుని తోడిన" అందట ఆమె.

అంటే వీధి కాలవలో, అక్క అంట్ల దగ్గర ఆయన చేసిందంతా పని నేర్చుకోవడమన్న మాట!

"మరి కొట్టు ముందు మట్టి అన్నావేం?" అని నిలదీశాను.

బావ చెవులు ఎర్రబడ్డాయి. "ముసల్దాని నీళ్లన్నీ తాగేసి వచ్చిన అని ఊళ్లె చెప్పుకోమంటవా?"

పొజ్జే ఇప్పుడు ఇంటి వెనక వంగ వేసింది. వద్దన్నా వినకుండా గంపెడు వంకాయలు బావ సైకిలుకు కట్టింది. వారం రోజులు మా రెండిళ్లలోనూ వంకాయ కూరే. ఎనిమిదో రోజూ అదే వడ్డిస్తూ అక్క గరిట విసిరికొట్టేలా చూస్తుంటే, బావ కంచం ముందుకు జరిపి, "ఇంకొంచెం వెయ్యి కమలా, బాగుంది" అన్నాడు.