నాచారంలో నిదానంగా తిరిగిన రికార్డు

మా అన్నయ్య చనిపోయి ఏడాదైంది. అతని సామాన్లలో నేను అడిగి తెచ్చుకున్నది ఒక్క క్యాసెట్. పక్కింటివాళ్ల టేప్‌రికార్డర్‌లో పెడితే టేపు తెగిపోయింది. బ్లూస్ సంగీతం ఛాయలున్న, దిగులు నిండిన రాక్ ఆల్బమ్ అది. ఉద్యోగాల కొత్తలో చిల్కానగర్‌లో ఇద్దరం ఒకే గదిలో అద్దెకుండేవాళ్లం. ఆదివారం బట్టలు ఉతుకుతూ అన్నయ్య తన పాత టేప్‌రికార్డర్‌లో అదే వేసేవాడు, నేను విసుక్కునేదాన్ని. ఇప్పుడా ఆల్బమ్ గ్రామఫోన్ రికార్డుగా మళ్లీ విడుదలైందని తెలిసి, ఇంట్లో ప్లేయరు లేకపోయినా తెప్పించుకున్నాను. తొందరపాటు నాకు పుట్టుకతో వచ్చిందే. ఆ గదిలో విన్న గొంతు మళ్లీ ఒక్కసారి వినాలి, అంతే.

పాత రికార్డు ప్లేయర్లు బాగుచేసే సత్తన్న నాచారంలో ఉన్నాడని తెలిసి, ఫోన్ చేసి, శనివారం పదింటికి అమీర్‌పేటలో మెట్రో ఎక్కాను. అరగంటలో ఉప్పల్. అక్కణ్ణుంచి షేర్ ఆటో, ముప్పై రూపాయలు. నా ఒళ్లోని చదరపు అట్టపెట్టె చూసి డ్రైవర్ "ఏందక్కా, పిజ్జానా? సల్లగైతది, జల్ది పోనిస్త తియ్" అన్నాడు. నిజంగానే జల్దీగా పోనిచ్చాడు.

సత్తన్న ఇల్లు ఫ్యాక్టరీల వెనక గల్లీలో ఉంది. ముందుగది నిండా విప్పిన మోటార్లు, రబ్బరు బెల్టులు. అరవై దాటిన మనిషి, రికార్డును అంచులతో పట్టుకుని తూచినట్టు చూశాడు.

"మస్తు బరువుంది చెల్లె. గిసొంటివి ఎన్ని సూడలే!" అంటూ ప్లేయరు మీద పెట్టి, లేబుల్ చూడకుండానే ముల్లు దించాడు.

గిటారు భారంగా ఈడ్చుకుంటూ మొదలైంది. తర్వాత గొంతు, నూతిలోంచి వస్తున్నట్టు. నాకు ఏడుపొచ్చింది. సరిగ్గా అదే గొంతు. సబ్బు వాసన, బకెట్ చప్పుడుతో సహా ఆ గది తిరిగొచ్చింది. ఆ వైపు అయిపోయేదాకా కదల్లేదు.

రికార్డు తిప్పబోతూ సత్తన్న కళ్లజోడు పెట్టుకుని లేబుల్ చదివి, నాలిక్కరుచుకున్నాడు.

"అయ్యో, తప్పు జేసిన చెల్లె! గింత పెద్ద రికార్డంటే నిమిషానికి ముప్పైమూడు సుట్లే తిరుగుతది అనుకున్న. ఇది నలభైఐదు స్పీడ్‌ది. ఉరికేటోన్ని ఇందాకట్నుంచి నడిపిచ్చినం."

వేగం మీట మార్చి మళ్లీ అదే వైపు పెట్టాడు. పాట చురుగ్గా, తేటగా సాగింది. గాయకుడు కుర్రాడైపోయాడు. బాగుంది, కాదనను. కానీ అతనెవరో నాకు తెలియదు.

"మా అన్నయ్య టేప్‌రికార్డర్‌లో ఇలా ఉండేది కాదన్నా."

"బెల్టు సాగి ఉంటది, మెల్లగ తిరిగుంటది. మార్పిచ్చుకోలేదా?"

"చెడిపోయిందనే మాకు తెలియదు. పాటే అంత అనుకున్నాం."

సత్తన్న మీట మీద చెయ్యి వేశాడు. "మరి ఏ స్పీడ్‌ల పెట్టమంటవ్?"

"తప్పుదే పెట్టన్నా."

మూడింటికి ఉప్పల్ మెట్రో మెట్లెక్కుతుంటే, అన్నయ్య ఆ పాటను దాని అసలు వేగంలో ఒక్కసారైనా వినలేదు కదా అనిపించింది. జాలి మాత్రం వేయలేదు. మేం విన్నది ఈ లోకంలో మా ఇద్దరికే ఉన్న ఆల్బమ్, ఇప్పుడది నా ఒక్కదానిదే. రికార్డు పట్టుకుని ఇలా బయల్దేరేవాళ్లకు ఒక్క మాట: ముల్లు దించేముందు లేబుల్ మీద వేగం చూసుకోండి. మీ ఇంట్లో ఎవరైనా పాత టేప్‌రికార్డర్‌లో ఇంకా పాటలు వింటూ ఉంటే, బెల్టు మార్పించే ముందు వాళ్ల పక్కన కూర్చుని ఒకసారి వినండి.