ఇలారియోన్ మేస్త్రీ రాసిన లెక్కల పరీక్ష

మా బర్లాద్‌లో టైల్స్ మేస్త్రీలు పదిహేనుమంది దాకా ఉండేవాళ్లు. అందరికీ టైల్స్ అమ్మింది నేనే. రైల్వే స్టేషను వెనక మా డిపోలో కూర్చుంటే ఎవరికి ఎంత గిట్టుతోందో అడగకుండానే తెలిసిపోతుంది. అందుకే ధైర్యంగా చెబుతున్నాను, ఇలారియోన్ పస్కారు కంటే బాగా టైల్స్ పరిచేవాడు ఊళ్లో లేడు. అతని కంటే తక్కువ కూలి తీసుకునేవాళ్లు ఇద్దరే ఉన్నారు. ఆ ఇద్దరూ తాగుబోతులు.

రెండు వేల పద్దెనిమిదిలో అతని రేటు చదరపు మీటరుకు, మా దేశపు డబ్బులో, డెబ్బై లేయిలు. ఐమూలగా పరచాలంటే ఎక్కువ, చిన్న ముక్కలైతే ఇంకా ఎక్కువ, లిఫ్టు లేని నాలుగో అంతస్తుకు బస్తాలు మోయాలంటే దానికి వేరే. గోడ వంకర చూడటానికి రసమట్టం ఆనించి, ఏమీ మాట్లాడకుండా నిలబడేవాడు. ఆ మౌనం సాగినకొద్దీ రేటు పెరుగుతుందని అందరికీ తెలుసు. కొందరు తట్టుకోలేక మధ్యలోనే కాఫీ తెచ్చి చేతిలో పెట్టేవాళ్లు. కాఫీ ఇచ్చినవాళ్లకు ఐదు లేయిలు తగ్గించేవాడు. మధ్యాహ్నం క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి వండిన సర్మాలెలు పెడితే మీటరుకు పది తగ్గించేవాడు. "మనింట్లో ఊరికే పెడతాను కదయ్యా, ఊరి మీద పడి అంత ఖరీదు పెట్టి ఎందుకు తింటావు?" అని అతని భార్య వసిలికా అడిగేది.

పెద్ద కంపెనీల పనికి మాత్రం అతను వెళ్లలేకపోయేవాడు. అక్కడ మీటరుకు నూట ఇరవై ఇస్తారు, కానీ కోర్సు చేసినట్టు కాగితం అడుగుతారు. కోర్సులో చేరాలంటే ఎనిమిదో తరగతి పాసై ఉండాలి. ఇలారియోన్ ఎనిమిదిలో లెక్కలు తప్పాడు. పదికి నాలుగు వచ్చాయి. ఆ సెప్టెంబరులో మళ్లీ రాయాల్సిన పరీక్షకు పోకుండా, మేనమామ వెంట యాష్ నగరం వెళ్లి ఓ ఆసుపత్రి మెట్లకు రాళ్లు పరిచాడు. అప్పటికి ముప్ఫై ఆరేళ్లుగా అదే పని.

ఆ ఏడు ఈస్టరుకు ముందు ఎఫ్రొసీనా టీచరు స్నానాలగది పని ఒప్పుకున్నాడు. ఆవిడకు డెబ్బై ఏడేళ్లు. రిటైరై ఇన్నేళ్లయినా జేబులో ఎర్ర పెన్ను లేకుండా గడప దాటదు. అతనికి నాలుగు మార్కులు వేసింది ఆవిడే. అతను మొదటిరోజే గుర్తుపట్టాడు, ఆవిడ పట్టలేదు. ఎనిమిది రోజుల పనిలో ఆవిడ తలుపు దగ్గరికి వచ్చినప్పుడల్లా తనకు తెలియకుండానే నడుము నిటారుగా అయిపోయేదట. సర్మాలెలు పెట్టినా ముట్టుకోలేదట. అందుకని రేటు తగ్గించలేదు.

పని అయ్యాక గోడలూ నేలా కలిపి ఇరవై నాలుగున్నర మీటర్లని చెప్పాడు. టీచరు కళ్లజోడు పెట్టుకుని, స్కేలు తెచ్చుకుని, గంటసేపు గదిలో తలుపేసుకుంది. బయటికి వచ్చి ఇరవై నాలుగున్నర కాదంది. టైలుకీ టైలుకీ మధ్య మూడు మిల్లీమీటర్ల సందు ఉంది, సందులో టైలు లేదు, లేని టైలుకు కూలి ఎలా ఇస్తానంది. సందులన్నీ తీసేస్తే చదరపు మీటరులో నూటికి డెబ్బై మూడున్నర వంతులు తగ్గుతాయి. అంటే కూలిలో యాభై ఒక్క లేయిలు.

అడిగింది ఇంకెవరైనా అయితే ఇలారియోన్ సరేనని పోయేవాడు. ఆ రోజు ఎందుకో కాళ్లు కదలలేదన్నాడు నాతో.

"సరే టీచర్ గారూ, సందు టైలు కాదు. మరి ఆ సందు పెట్టిందెవరు? ప్లాస్టిక్ ముక్కలు గుచ్చి, సమంగా నిలబెట్టి, తెల్ల సిమెంటు పట్టించి తుడిచిందెవరు? దానికి మీటరు పొడుగు లెక్కన వేరే కూలి అవుతుంది కదా," అన్నాడు.

ఆవిడ పెన్ను మూత తీసింది. "ఎంత పొడుగు?"

ఇరవై సెంటీమీటర్ల టైలు కాబట్టి చదరపు మీటరుకు పది మీటర్ల సందు వస్తుందని, ఇరవై నాలుగున్నరకు రెండువందల నలభై ఐదు మీటర్లని, మీటరుకు ఒక లేయి చొప్పున వేస్తే అంతే డబ్బని నోటితోనే చెప్పేశాడు. ఆవిడ కాగితం మీద వేసి చూసింది. మళ్లీ చూసింది. చివరికి పక్కన ఎర్రగా టిక్కు పెట్టింది.

"నీకు లెక్కలు చెప్పిందెవరయ్యా?"

"మీరేనండి. నాలుగు మార్కులు వేశారు."

పేరు అడిగింది. చెప్పాడు. పొయ్యి పక్క ఆఖరి బల్ల కదూ అంది. తర్వాత సోఫాలో కూలబడింది. లేచి పూర్తి కూలి ఇచ్చి, సందుల రెండువందల నలభై ఐదూ పైన పెట్టింది. ఇలారియోన్ ఆ పైడబ్బు వెనక్కి తోశాడు.

"ఇది వద్దు టీచర్ గారూ. ఆ నాలుగు దిద్దండి చాలు."

ఇంటికొచ్చి ఈ మాట చెబితే వసిలికా గరిటె కింద పెట్టి, మార్కులతో పులుసు కాగుతుందేమో కాస్త కాచి చూపించమంది.

మర్నాడు ఇలారియోన్, టీచరు ఇద్దరూ బడికి వెళ్లారు. ఆఫీసులో కూర్చున్న గుమాస్తా చిన్నపిల్ల. అటకమీది పాత రిజిస్టరు తీసి దుమ్ము దులిపి చూసింది. వేసిన మార్కు దిద్దడానికి లేదంది. కానీ మళ్లీ రాయాల్సిన పరీక్షకు పిల్లవాడు రాలేదని మాత్రమే ఉంది, పరీక్ష రద్దయినట్టు ఎక్కడా లేదు. అంటే బడి లెక్కలో ఇలారియోన్ ఇంకా ఎనిమిదో తరగతిలోనే ఉన్నాడు. దరఖాస్తు పెడితే పరీక్ష పెట్టొచ్చు. దరఖాస్తు మీద తల్లిగానీ తండ్రిగానీ సంతకం చేయాలి.

అతని తల్లి పక్క ఊళ్లో కోళ్లు పెంచుకుంటూ ఉండేది. ఎనభై దాటింది. కొడుకు బడి కాగితం పట్టుకుని గుమ్మంలో నిలబడేసరికి ఆవిడ మొహం మాడిపోయింది. "ఏం చేశావురా మళ్లీ?" అంది. ఏమీ చేయలేదని ఎంత చెప్పినా నమ్మలేదు. సంతకం పెట్టి, ఈసారన్నా బుద్ధిగా ఉండమని డజను గుడ్లిచ్చింది, టీచరుకు ఇవ్వమని.

జూన్‌లో పరీక్ష. హెడ్‌మాస్టరు, కొద్రీన్ అనే కుర్ర లెక్కల మాస్టరు, ఎఫ్రొసీనా టీచరు, ముగ్గురూ కమిటీ. బల్ల కింద ఇలారియోన్ మోకాళ్లు పట్టలేదు. ముప్ఫై ఆరేళ్లు నేలమీద ఆనిన మోకాళ్లవి, సరిగ్గా వంగవు కూడా. అందుకని కిటికీ గట్టు మీద నిలబడి రాయనిచ్చారు. నాలుగు లెక్కలు నడిచాయి. ఐదోది ఇదీ: గది నాలుగు మీటర్ల పొడుగు, మూడు మీటర్ల వెడల్పు, ఇరవై సెంటీమీటర్ల టైల్స్ ఎన్ని కావాలి?

అతను మూడువందల ముప్ఫై అని రాశాడు.

కొద్రీన్ తప్పు కొట్టాడు. పుస్తకంలో మూడువందలని ఉంది. దాంతో మొత్తం మార్కులు నాలుగున్నరకు ఆగాయి. పాసవాలంటే ఐదు రావాలి.

"మూడువందలు ఎవరు కొంటారు మాస్టారూ?" అన్నాడు ఇలారియోన్, కోపంగా కాదు, పనిలో కొత్తవాడికి చెప్పినట్టు. పెట్టెలోనే కొన్ని పగిలి వస్తాయనీ, గొట్టాల దగ్గర కోయాలనీ, ఏ గోడా తిన్నగా ఉండదనీ చెప్పుకొచ్చాడు.

"పుస్తకంలో గోడలు తిన్నగానే ఉంటాయి," అన్నాడు కొద్రీన్.

"అయితే పుస్తకాన్నే పరచమనండి."

ఎఫ్రొసీనా టీచరు అతని పక్షం మాట్లాడింది. హెడ్‌మాస్టరు పుస్తకం పక్షం. మాటా మాటా పెరిగింది. మూడు గంటలకు గుమాస్తా పిల్ల తలుపు తోసి, మెట్ల కింద మ్యాపులూ గ్లోబులూ పెట్టే గది సరిగ్గా నాలుగుకి మూడేనని, నేల పెంకులు లేచిపోయి ఏడాదైందని చెప్పింది. హెడ్‌మాస్టరు కళ్లు వెలిగాయి. పరీక్ష వాయిదా వేసి, ఐదో లెక్క ప్రాక్టికల్‌గా చేయించాలని కమిటీ తీర్మానం రాసింది.

మర్నాడు బడివాళ్లు మా డిపోకు వచ్చి మూడువందల టైల్స్ అడిగారు. ముప్ఫై ఎక్కువ తీసుకోండి అన్నాను. కొద్రీన్ నన్ను అనుమానంగా చూసి, నేను పరీక్షలో జోక్యం చేసుకోకూడదన్నాడు.

ఇలారియోన్ మూడు రోజులు పరిచాడు. పరీక్షలో ఉన్నవాడికి కూలి ఇవ్వడం నిబంధనలకు విరుద్ధం కాబట్టి ఇవ్వలేదు. కాఫీ కూడా, సాయం చేసినట్టవుతుందని, ఇవ్వలేదు. కమిటీ గుమ్మంలో కుర్చీలు వేసుకుని కాపలా కూర్చుంది. పెట్టెలో నాలుగు పగిలి ఉన్నాయి. రేడియేటరు గొట్టాల దగ్గర కోస్తుంటే నాలుగు పోయాయి. అటు గోడ వంకరపోయి, ఆ పొడవునా నాలుగు వేళ్ల వెడల్పు నేల మిగిలింది. దానికి సన్నగా కోసిన ముక్కలు వేయాలంటే ఇంకో పదిహేను టైల్స్ కావాలి. మొత్తం ఇరవై మూడు తక్కువ.

హెడ్‌మాస్టరు టేపు పట్టుకుని గోడను రెండుసార్లు కొలిచాడు. ఈ బడి కట్టినవాళ్లు లెక్కలు తప్పి ఉంటారన్నాడు.

కొద్రీన్ తలొంచుకుని మా డిపోకు వచ్చి ముప్ఫై పట్టుకెళ్లాడు. పనైపోయాక ఏడు మిగిలాయి. రేపు ఎవరైనా గ్లోబు పడేసి టైలు పగలగొడితే అక్కరకొస్తాయని ఇలారియోన్ వాటిని బీరువా వెనక పేర్చాడు. ఐదో లెక్కకు ఉన్న ఒకటిన్నర మార్కులూ పూర్తిగా వేశారు. మొత్తం ఆరు. ఎఫ్రొసీనా టీచరు పది వేయాలని పట్టుబట్టింది గానీ, రెండో లెక్కలో అతను గుణకారం నిజంగానే తప్పాడు. ఆ సంగతి ఆవిడే కనిపెట్టింది.

ఆ కాగితంతో కోర్సులో చేరి చలికాలంలో పూర్తిచేశాడు. ఇక నుంచి మీటరుకు నూట ఇరవై అన్నాడు. పరీక్ష పాసు కాని మేస్త్రీలు డెబ్బైకే పరుస్తారు కదా అని ఊరు ముఖం తిప్పేసుకుంది. వేసవి సగం దాకా కంపెనీల్లో ఖాళీ లేదు, ఊళ్లో ఒక్క స్నానాలగది కూడా దొరకలేదు. తాగుబోతులిద్దరికీ ఊపిరాడనంత పని. వసిలికా ఏమీ అనలేదు. అనకపోవడమే భయంగా ఉందని డిపోలో నాతో గోడు చెప్పుకున్నాడు.

ఆగస్టులో ఓ పల్లెలో పాత చర్చి బాగుచేయడానికి రాళ్లు పరిచే మేస్త్రీ కావాలన్నారు. కాగితం ఉన్నవాడే కావాలి. జిల్లా మొత్తం వెతికితే కాగితం ఉండి ఖాళీగా ఉన్నది ఇలారియోన్ ఒక్కడే. మీటరుకు రెండువందలిచ్చారు. నూట నలభై మీటర్ల నేల. ఒక్కో రాయినీ వేలితో తట్టి, శబ్దం విని పరిచాడు. జీవితంలో అంత తీరిగ్గా ఎన్నడూ పని చేయలేదన్నాడు.

నేల పూర్తయ్యాక ఆ ఊరి ముసలమ్మలు లోపలికి అడుగుపెట్టలేదు. అంత నున్నటి రాయి మీద జారి పడతామని రెండు ఆదివారాలు బయట గడ్డిలోనే నిలబడ్డారు. ఫాదర్ గారు లోపల ఇలారియోన్ ఒక్కడి కోసం పూజంతా పాడారు. మూడో ఆదివారం వాన. ముసలమ్మలు ఇళ్ల నుంచి పాత తివాచీలు చుట్టలు చుట్టి తెచ్చి, గోడ నుంచి గోడకు పరిచేసి వచ్చి నిలబడ్డారు. ఒక్క రాయి కనిపిస్తే ఒట్టు.

పని చూద్దామని ఆ రోజే వచ్చింది వసిలికా. ఇలారియోన్ మోకాళ్ల మీద కూర్చుని, తివాచీ అంచు పైకెత్తి చూపించాడు. ఆవిడ వంగి రెండు రాళ్లు కలిసే చోట వేలు ఆనించి, అటూ ఇటూ జరిపింది. వేలికి అతుకు ఎక్కడా తగల్లేదు. మళ్లీ జరిపింది.

"తివాచీ దించయ్యా," అంది పక్కనున్న ముసలమ్మ. "కాళ్లకు చలి."