నాన్న కొట్టిన మేకు, మామ్మ అడిగిన అర

కొత్త ఇంట్లో అరలు నేల నుంచి ఎంత ఎత్తులో మొదలవ్వాలన్న విషయం మీద మా నాన్నకూ నాకూ జరిగిన వాదన, కాలేజీ రోజుల్లో వేదికల మీద నేను చేసిన వాదనలన్నిటికన్నా కష్టమైనది. అక్కడ గెలిచినా ఓడినా సాయంత్రానికి కాకినాడలో బస్సెక్కి యానాం వచ్చేసేదాన్ని. ఇక్కడ నేను ఓడితే మా మామ్మ ఇక ఎప్పటికీ తన చీర తాను తీసుకోలేదు.

మామ్మ నాన్నకు తల్లి. ఆవిడ భుజాలు రెండూ పట్టేసి చాలా కాలమైంది. వంగగలదు, కూర్చోగలదు, చీరను అంచుకు అంచు కలిపి మడత పెట్టగలదు. చెయ్యి మాత్రం గుండెల ఎత్తు దాటి పైకి లేవదు. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్లడం ఆవిడకు పెళ్లయిననాటి నుంచీ ఉన్న అలవాటు. ఆ చీర తనే ఏరుకుంటుంది. ఏ ఆదివారానికి ఏది అన్నది ఆవిడ మనసులో ఉంటుంది, ఎవరికీ చెప్పదు.

ఫరంపేటలోని మా పాత ఇల్లు వీధికన్నా పల్లంలో ఉండేది. కట్టిన రోజున పల్లం కాదు. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోతే ఇల్లు తనకు తెలియకుండానే కిందికి దిగిపోయింది. వీధిలోంచి ఇంట్లోకి మెట్లు దిగి వచ్చేవాళ్లం. గోదావరి పొంగి ఊళ్లోకి వచ్చిన ఏడాది, మెట్టకూరులో పిన్ని వాళ్ల మేడ మీద తలదాచుకుని తిరిగి వచ్చేసరికి, నీళ్లు నాన్న గుండెల దాకా నిలిచి వెళ్లిన గుర్తు గోడ మీద ఒండ్రు చారలా మిగిలింది. వరదకు కొద్ది నెలల ముందే నాన్న, మామ్మకు అందుబాటులో ఉండాలని, ఆవిడ చీరల పెట్టెను పైనుంచి దింపి చిన్న బల్ల మీద పెట్టారు. పెట్టె నిండా నీళ్లు. అడుగున ఉన్న ముదురు ఎరుపు పట్టుచీర రంగు వదిలింది. తెల్లచీరలన్నీ మరకలు మరకలుగా గులాబీ రంగుకు తిరిగాయి.

మామ్మ వాటిని ఒక్కొక్కటే కిందికి కట్టిన దండెం మీద ఆరేస్తూ, "పోన్లెండి. ఈ వయసులోనైనా కాస్త రంగుచీరలు కట్టుకోవే అని గోదారే పెట్టింది" అంది. మేమందరం నవ్వాం. నాన్న నవ్వలేదు. సుత్తి తెచ్చి, ఒండ్రు చార మీద ఒక మేకు కొట్టారు. తరవాత సున్నం వేయించినప్పుడు చార పోయింది, మేకు ఉండిపోయింది. ఇంట్లో తడిస్తే పాడయ్యే వస్తువేదైనా ఆ మేకుకు పైనే ఉండాలన్నది అప్పటి నుంచి మా ఇంటి చట్టం. మామ్మ కొత్త తెల్లచీరలు కూడా అటక మీదికి వెళ్లాయి.

ఆ తరవాత ప్రతి శనివారం సాయంత్రం ఆవిడ ఎవరినో ఒకరిని చీర తీసిపెట్టమని అడగాల్సి వచ్చేది. ఒకసారి అడిగేది. పనిలో ఉండి మేము వినిపించుకోకపోతే రెండోసారి అడిగేది కాదు. మర్నాడు ఇంట్లో కట్టుకునే గులాబీ మరకల చీరలోనే చర్చికి బయలుదేరేది.

"అడిగితే తీసేదాన్ని కదా అత్తయ్యా" అని అమ్మ నొచ్చుకునేది.

"నా చీర నేనడుక్కోవాలేంటే?" అనేది మామ్మ. కోపంగా కాదు.

అందుకే పాత ఇంటి ముందున్న ఖాళీ జాగాలో కొత్త ఇల్లు లేవడం మొదలైనప్పుడు, ఆవిడ గది గురించి ఆవిడ కోరింది ఒకటే. కిటికీ ఎటు పెడతారని అడగలేదు, గోడల రంగు అడగలేదు. "నా చెయ్యందేచోట నాకొక అర పెట్టించరా అబ్బాయ్" అంది. నాన్న తలూపారు. ఊపి, నేరుగా పాత ఇంట్లోకి వెళ్లి, నేల నుంచి మేకు దాకా టేపు పెట్టి కొలిచారు. కొత్త ఇంటి ప్రతి గదిలోనూ నేల నుంచి అదే ఎత్తున మేస్త్రి చేత నీలం గీత కొట్టించారు. కడప రాతి బద్దలతో కట్టే అరలన్నీ ఆ గీతకు పైనే రావాలన్నారు. గీత కింద అంతా ఖాళీ గోడ.

అమ్మ వంటింట్లో నిలబడి ఆ గీతను కింది నుంచి పైకి చూసింది. "ఇదేం వంటిల్లండీ? పప్పు డబ్బా తియ్యాలంటే రోజూ స్టూలెక్కాలా?"

"ఎక్కు. మునగడం కన్నా నయం."

మామ్మ తన గదిలోంచే అందుకుంది. "నాకు స్టూలు చాలదురా. కొబ్బరికాయలు దింపేవాణ్ని జీతానికి పెట్టు. ఆదివారం ఆదివారం వచ్చి నా చీర దింపి పోతాడు."

నేను వాదనకు దిగాను. ఎదుటివారి మాటలో ఎంత నిజముందో ముందుగా ఒప్పుకోవాలని వేదికల మీద నేర్చుకున్నాను, అలాగే మొదలుపెట్టాను. నాన్న భయం నిజమైనదే, నది మళ్లీ వస్తుంది. కానీ వస్తువులను కాపాడుకునేది మనుషులు వాడుకోవడానికి. ఎప్పుడో వచ్చే ఒక్క రోజు కోసం మిగతా రోజులన్నీ ఒక మనిషి ఇంకొకరి చేతి మీద ఆధారపడితే, ఆ ఇల్లు ఎవరిని కాపాడినట్టు? ఈ ప్రశ్నకు సభలో చప్పట్లు వచ్చి ఉండేవి. నాన్న ఓపికగా విన్నారు.

"అయ్యిందా? ఇదే ముక్క గోదారికి చెప్పి రా. అది ఒప్పుకుంటే నేనూ ఒప్పుకుంటా."

ఆయన గొంతులో వెటకారం ఉన్నా, చూపు మాత్రం దండెం మీదున్న గులాబీ మరకల చీర మీద ఉంది. అప్పుడు నాకు అర్థమైంది. తల్లికి అందేలా ఉంచిన పెట్టే తడిసింది కాబట్టి, అందేలా ఉంచడమే తప్పని ఆయన తీర్మానించుకున్నారు. అంత ప్రేమలోంచి పుట్టిన నియమాన్ని సిద్ధాంతంతో కదల్చడం నా వల్ల కాలేదు. మర్నాడు పొద్దున్నే గోడలు గాడి కొట్టి బద్దలు దించుతారు. ఒకసారి సిమెంటు పట్టాక ఆ రాయి మళ్లీ కిందికి దిగదు.

వాదనలో దారి మూసుకుపోయినప్పుడు ముగింపును వదిలి, అది దేని మీద నిలబడిందో చూడమనేవారు మా కాలేజీలో. ఆ సాయంత్రం కొత్త ఇంటి మెట్లు ఎక్కుతూ ఉండగా ఆ మాట గుర్తొచ్చింది. మెట్లు ఎక్కుతూ. పాత ఇంట్లోకి మెట్లు దిగి వెళ్లేవాళ్లం.

లోపల నాన్న గీతలు సరిచూసుకుంటున్నారు.

"నాన్నా, ఆ ఎత్తు ఎక్కడి నుంచి కొలిచారు?"

"ఎక్కడి నుంచేంటి, నేల మీంచి."

"ఏ నేల?"

ఆయన కిటికీలోంచి పాత ఇంటి గుమ్మం వైపు చూశారు. ఈ జాగాకు లారీల కొద్దీ గ్రావెల్ తోలించి, వీధికన్నా మెరక చేయించింది ఆయనే. దాని మీద పునాది ఎత్తు పెంచమని మేస్త్రితో పోరు పెట్టింది కూడా ఆయనే. ఆ ఎత్తంతా నీటి నుంచి మమ్మల్ని ముందే పైకి లేపింది. నాన్న మాత్రం పాత పల్లపు నేల మీద నిలబడి కొలిచిన లోతును తెచ్చి, పైకి లేచిన నేల మీద మళ్లీ నిలబెట్టారు. ఒకే వరద నుంచి మమ్మల్ని రెండుసార్లు కాపాడారు. బడిలో ఆయన చెప్పేది లెక్కలు. ఆ లెక్క ఆయనకు తెలియక కాదు. ఆ రోజు గోడ మీది చార తన ఒంటికి ఎక్కడి దాకా వచ్చిందో, ఆయన మనసు అక్కడే కొలుచుకుంది.

పొద్దున్నే బద్దలు దించడానికి ముందు, మేస్త్రిని నీళ్లు నింపిన గొట్టం తెమ్మన్నాం. గొట్టం ఒక కొస దగ్గర నీరు ఏ మట్టంలో ఉంటే రెండో కొసలోనూ అదే మట్టంలో నిలుస్తుంది. మధ్యలో ఎన్ని గోడలు మలుపు తిరిగినా సరే. నాన్న పాత ఇంట్లో మేకు దగ్గర ఒక కొస పట్టుకున్నారు. గొట్టం గుమ్మం దాటి, వాకిలి దాటి, కొత్త ఇంటి మెట్లెక్కి మామ్మ గదిలోకి వచ్చింది. రెండో కొస మేస్త్రి చేతిలో ఉంది. అతను దాన్ని నీలం గీత దగ్గర పట్టుకున్నాడు, నీరు కనిపించలేదు. నడుము దగ్గరికి దించాడు, లేదు. మోకాలి దగ్గరికి దించాడు. చివరికి గొంతుక్కూర్చున్నాడు.

"మాస్టారూ! మేకు దగ్గర సరిగ్గా పట్టుకున్నారాండీ?" అని కేకేశాడు.

"పట్టుకున్నానయ్యా! ఎక్కడికొచ్చింది?"

"ఆయ్, మీరే వచ్చి చూసుకోండి. నేను చెబితే నమ్మరు."

గొట్టం కొస నా చేతికిచ్చి నాన్న పరుగున వెళ్లారు. నేను మేకు దగ్గర కదలకుండా నిలబడ్డాను కాబట్టి ఆ క్షణంలో ఆయన ముఖం చూడలేకపోయాను. మామ్మ గొంతు మాత్రం వినిపించింది.

"ఏరా, ఊరంతా మునిగితే నీ కొత్తింట్లో నా చీలమండ తడుస్తుందంతేనా? దీనికా నన్ను తాటిచెట్టెక్కించబోయావు? పిల్లలకి లెక్కలు నువ్వే చెబుతున్నావా, ఇంకెవరినైనా పెట్టావా?"

ఆ తరవాత నాన్న నవ్వడం వినిపించింది. మేకు కొట్టిన రోజు మాతో కలిసి నవ్వని మనిషి, ఆ నవ్వు ఇన్నాళ్లూ ఎక్కడో దాచుకున్నట్టు ఆగకుండా నవ్వారు. చేతిలో గొట్టం పట్టుకుని, చీకటి పాత ఇంట్లో ఒంటరిగా నిలబడి, నేనూ ఊపిరి పీల్చుకున్నాను.

అయినా ఆయన పూర్తిగా లొంగలేదు. "వచ్చేసారి ఇంకా ఎక్కువ రావచ్చు" అన్నారు. అది న్యాయమైన మాటే, ఒప్పుకున్నాను. నీటిమట్టానికి పైన మోకాలి ఎత్తు దాకా వదిలేసి, అక్కడి నుంచి అరలు మొదలుపెట్టాలని తేల్చుకున్నాం. మోకాలి కింద ఉన్న చోట తడిసినా ఫరవాలేని వాటికి ఇచ్చాం: ఇత్తడి బిందెలు, కొబ్బరి కోరే కత్తిపీట, పండగ వంటల పెద్ద గిన్నెలు. ఇంటి కాగితాలు, నాన్న సర్టిఫికెట్లు మాత్రం ఆయన తృప్తి కోసం అటక మీదికే వెళ్లాయి. నీలం గీతల మీద రంగు పడింది. మామ్మ అర సరిగ్గా ఆవిడ నడుము ఎత్తులో వచ్చింది, దానికి చెక్క తలుపు కూడా పెట్టించారు.

గృహప్రవేశం ప్రార్థన అయిన మర్నాడు ఆవిడ చీరలన్నీ తనే సర్దుకుంది. గులాబీ మరకల చీరను మాత్రం అరలో పెట్టలేదు. కింద ఇత్తడి బిందెలో పెట్టి, "ఇది ఇప్పటికే తడిసింది కదా, దీనికి భయం లేదు" అంది.

కొత్త ఇంట్లో మొదటి శనివారం సాయంత్రం నాన్న మామ్మ గది ముందు నుంచి ఒకటికి రెండుసార్లు నడిచారు. ఆవిడ ఆయనను పిలవలేదు. ఆదివారం పొద్దున్న చెప్పులు వేసుకుని వరండాలో కూర్చున్నారు, పిలిస్తే లేవడానికి సిద్ధంగా. లోపల అర తలుపు తెరుచుకున్న చప్పుడైంది. కాసేపటికి మూసుకున్న చప్పుడైంది. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్లచీరలో మామ్మ బయటికి వచ్చి, కొడుకును చూసి ఆగింది.

"ఇంకా కూచున్నావేంట్రా? అవతల గంట కొట్టేశారు, పద."