స్పీకర్ పెట్టెలకు బాపు వేసిన గుడ్డ

ఆదివారం. రెండు బకెట్ల బట్టలు ఉతికాను. వారానికి సరిపడా జొన్నపిండి జల్లించాను. పాత స్పీకర్ పెట్టెలకు ఆఖరి పూత పాలిష్ వేశాను. భుజం పైకి లేవడం లేదు... అయినా ఇది రాసి పడుకోవాలనిపించింది.

మా చిన్నప్పుడు... సూరత్‌లో మాకున్నది ఒక్కటే గది. ఒక మూల వంట, ఒక మూల బొంతల దొంతర, మిగిలిన గోడకు ఈ రెండు చెక్క పెట్టెలు. మా నాన్న, మేం బాపు అనేవాళ్ళం, మరమగ్గాల షెడ్డులో పనిచేసేవాడు. వేరే సరదా ఏదీ లేని మనిషి. షెడ్డుకు సెలవు ఉన్న రోజు మాత్రం క్యాసెట్ పెట్టి, పెట్టెల ముందు బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు.

ఒక దీపావళికి మగ్గాలన్నీ ఆగాయి. మా గల్లీలో పాలిష్ పని పెట్టుకోవాలంటే అప్పుడే... మిగతా రోజుల్లో గాలినిండా మగ్గాల నుంచి లేచిన దారాల నూగు ఎగురుతుండేది. తడి పాలిష్ మీద వాలిందంటే చెక్కకు బొచ్చు మొలిచినట్టే.

బాపు గాజుపెంకుతో పాత పాలిష్ గీకాడు. నేనూ తమ్ముడూ గరుకు కాగితంతో రుద్దాం. స్పిరిట్‌లో నానిన లక్కలో గుడ్డ చుట్టిన దూది ఉండను ముంచి, చెక్క గీతల వెంబడి బాపు పూత మీద పూత వేశాడు. ఆ వాసనకు అన్నం కూడా సయించలేదు మాకు...

పెట్టెల ముందరి చట్రాలకు ఉన్న గుడ్డ అప్పటికే చిరిగిపోయింది. బాపు షెడ్డు నుంచి ఒక ముక్క తెచ్చాడు. తను నేసిందే. బాగా దట్టమైన నేత.

"గాలి గూడ దూరది. ఇగ నూగు లోపటికి పోయే ముచ్చటే లేదు" అని మురిసిపోతూ బిగించాడు.

క్యాసెట్ పెట్టాడు. మేం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. పాడే ఆమె గొంతు దిండు కింద నుంచి వస్తున్నట్టుంది. వేణువు అయితే అసలే లేదు.

"పాటకు సర్ది అయింది బాపూ" అన్నాడు తమ్ముడు. అమ్మ వాడి తొడ మీద గిల్లింది.

"ఏమంటుండే వాడు?" అని అడిగాడు బాపు.

"మంచిగున్నదంటుండు" అంది అమ్మ.

"ఉండదా మరి! ఎంత సాఫ్ వస్తుందో చూడు..."

అమ్మ ముఖం పాలిపోయింది. మగ్గాల రొదలో బాపు చెవులు పోతున్నాయని ఆమెకు ఆ క్షణంలో అర్థమైంది. మగ్గం దెబ్బలో తేడా వస్తే నడిపేవాడు చెవితోనే పసిగట్టాలి... లేకపోతే గుడ్డ పాడవుతుంది. చెవులు పోయాయని తెలిస్తే షెడ్డు యజమాని సేఠ్ ఉంచుకోడు. ఇంట్లో నలుగురం. ఉన్నది ఆ ఒక్క పని.

సెలవులు అయిపోయి బాపు షెడ్డుకు వెళ్ళాక, అమ్మ చట్రాలు ఊడదీసింది. గడప దగ్గర వెలుతురులో కూర్చుని, గుడ్డలో పోగు విడిచి పోగు సూదితో లాగడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నవే అమ్మా?"

"పాటకు తొవ్వ చేస్తున్న. మీ బాపుకు చెప్పిన్రనుకో... వీపులు పగులుతయి."

మళ్ళీ బిగించి పాట పెడితే వేణువు తిరిగి వచ్చింది. తమ్ముడు గంతులేశాడు.

మేం చెప్పలేదు. కానీ తర్వాతి సెలవు రోజు బాపు పాట పెట్టి, పెట్టెల దుమ్ము తుడుస్తూ చేయి ఆపేశాడు. వేళ్ళతో గుడ్డను ఒకటికి రెండుసార్లు తడిమాడు. తను నేసిన నేత ఆయన వేళ్ళకు తెలియదా...

"ఎవలు తీసిన్రు పోగులు?"

అమ్మ రొట్టె కాలుస్తోంది. "నేనే తీసిన. పాట బయటికొస్తలేదు."

"నాకు మంచిగనే ఇనొచ్చింది గదా..." అని, మధ్యలోనే ఆగిపోయాడు.

అమ్మ పెనం మీద రొట్టె తిరగేసింది. పాట అయిపోయింది. ఎవరూ క్యాసెట్ తిప్పలేదు.

"షెడ్ల ఎవలకు అనకు" అన్నాడు చివరికి.

మర్నాటి నుంచి, మిగిలిన వినికిడైనా దక్కేట్టు, చెవుల్లో దూది పెట్టుకుని వెళ్ళాడు. మగ్గాన్ని కళ్ళతో కనిపెట్టుకుంటూ, ఒళ్ళు సహకరించినన్నాళ్ళు ఆ పని నిలుపుకున్నాడు. అమ్మతో మాత్రం ఆ పోగుల మాట మళ్ళీ ఎత్తలేదు. మంచి చేశావనీ అనలేదు, చెడ్డ చేశావనీ అనలేదు.

ఇప్పుడు ఇద్దరూ నా దగ్గరే ఉంటున్నారు. బాపుకు దాదాపు ఏమీ వినబడదు. అరిచి అరిచి సాయంత్రానికి నాకు గొంతు ఉండదు. "రోజూ ఎవరితో పోట్లాట, బెన్?" అని, అక్కా అన్నట్టు నన్ను బెన్ అని పిలిచే కింది ఇంటి గుజరాతీ ఆవిడ నవ్వుతుంది. అమ్మకేమో చూపు మసక. పెట్టెలు పారేద్దామంటే బాపు ఒప్పుకోలేదు. అందుకే ఈ గీకుడూ, ఈ రుద్దుడూ నా నెత్తిన పడ్డాయి...

ఈ మధ్యాహ్నం పాలిష్ ఆరాక, కొన్న కొత్త గుడ్డను బాపు చేతికిచ్చాను. తడిమి చూసి తల అడ్డంగా ఊపాడు. సూది అడిగాడు. నేను లాగుతానంటే ఇవ్వలేదు. బాల్కనీలో కూర్చుని, పోగు విడిచి పోగు, పొద్దు వాలేదాకా తనే లాగాడు.

పాట పెట్టాను. బాపు పెట్టెల వైపు చూడలేదు. అమ్మ ముఖంలోకి చూశాడు.

"ఎట్లున్నది?"

అమ్మ ఆయన చేతిని పట్టుకుని గట్టిగా నొక్కింది.

ఇప్పుడు ఎవరి పాట వారి చెవుల్లోనే... పక్క మనిషిని "నీకు వినిపిస్తోందా" అని అడిగే పనే లేకుండా పోయింది. మీ ఇంట్లో ఒక్క పాట కోసం అందరూ ఒకచోట కూర్చున్న రోజులుంటే రాయండి. తీరిక చేసుకుని చదువుతాను.

ఇందాక పక్క మీద వాలుతూ అమ్మ అంది, "ఇన్నేండ్లకు బాకీ తీర్చిండు" అని. బాపుకు వినబడలేదు. మళ్ళీ అరిచి చెప్పే ఓపిక నాకు లేదు. అందుకే ఇక్కడ రాసి పెడుతున్నాను...

అమ్మకు బాపు పడ్డ ఆ పోగుల బాకీ తీరింది.