దోరిమ్ ఎద్దూ, ఓక్‌బున్ అక్క ముడీ

మా కొండ మీద దోరిమ్ లారీని ఎవరైనా తిట్టాలనుకుంటే ముందు ఓక్‌బున్ అక్క దగ్గర్లో లేదని చూసుకోవాలి. ఉందంటే వాడి పని అయిపోయినట్టే. మెడలో తువ్వాలు, మోచేతుల దాకా మడిచిన చొక్కా, పొట్టి మనిషి, యాభై ఎనిమిదేళ్ళు. నడుం మీద చేతులు పెట్టుకుని ఎదురుగా వచ్చి నిలబడుతుంది. "తోలడం రాక బండినంటావేం? మీ ఇంట్లో అన్నం మాడితే కుండను తంతావా?" అంటుంది.

నిజానికి దోరిమ్‌ను తిట్టాల్సిన వాళ్ళం మేమే, అంటే దాన్ని నడిపేవాళ్ళం. తలుపు మోకాలితో తన్నితే గానీ పడదు. హీటర్ ఆగస్టులో కూడా ఆగదు. హారన్ కొడితే మేక అరిచినట్టుంటుంది. రెండు చలికాలాలు దాటితే తొట్టి అడుగున తుప్పు పట్టి కింద రోడ్డు కనిపిస్తుంది. ఇవన్నీ మేమే చెప్పుకుని మేమే నవ్వుకుంటాం. వేరే కంపెనీ బండివాడు వచ్చి ఇందులో సగం అన్నా మాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే వాడికి మిగతా సగం తెలియదు. ఒక్క స్పానరుతో బండి సగం విప్పెయ్యొచ్చు. మంచులో కూడా రెండోసారి తాళం తిప్పితే లేచి కూర్చుంటుంది. బరువెక్కువైతే మూలుగుతుంది కానీ మధ్యలో వదిలెయ్యదు. టన్ను బరువు మోసే ఆ బండికి కంపెనీవాళ్ళు పెట్టిన పేరు హ్వాంగ్సో, అంటే ఎద్దు. మేం ఎద్దనే అంటాం.

దోరిమ్ కంపెనీ చరిత్ర అక్క చెబితే వాళ్ళ అత్తింటి కబుర్లు చెప్పినట్టే ఉంటుంది. యుద్ధం అయిపోయాక పుసాన్‌లో ఒక రేకుల షెడ్డులో సైకిల్ హ్యాండిళ్ళు వంచేవాళ్ళట. వంచీ వంచీ విసుగొచ్చి, మూడు చక్రాల లారీ కట్టారు. మేమంతా దాన్ని ముక్కాలి అనేవాళ్ళం. అక్క మొగుడు గిల్‌యోంగ్ కొన్నది అదే. పెళ్ళయిన మూడో రోజున కొత్తపెళ్ళికూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని, జుమున్‌జిన్ రేవు నుంచి పచ్చి మ్యోంగ్తే చేపలు వేసుకుని, ఎండబెట్టే పందిళ్ళకని కనుమ ఎక్కాడు. ముక్కాలికి ఒక జబ్బుంది, మలుపులో గబుక్కున ఒరిగిపోతుంది. అందుకని గిల్‌యోంగ్ పెళ్ళాంతో అన్న మొదటి ముద్దుమాట, "మలుపు ఎటు తిరిగితే నువ్వు అటు ఒరుగు."

"నా అందం చూసి చేసుకున్నాడనుకున్నాను," అంటుంది అక్క. "కనుమ దిగేసరికి తెలిసింది, బరువు చూసి చేసుకున్నాడని."

ఏడేళ్ళు అలా ఒరుగుతూనే డ్రైవింగ్ నేర్చుకుంది. గిల్‌యోంగ్ తుంటి విరిగి మంచాన పడ్డాక తానే లైసెన్సు పరీక్షకు వెళ్ళింది. ఆడమనిషి లారీ పరీక్షకు రావడమేమిటని పరీక్ష పెట్టే ఆయన నవ్వాడట. నవ్వుతూనే పక్కన కూర్చున్నాడు. మొదటి మలుపులో అలవాటు కొద్దీ, "అయ్యా, ఇటు ఒరగండి!" అని కసిరింది. ఆయన ఒరిగాడు. లైసెన్సు ఇచ్చేశాడు.

తర్వాత నాలుగు చక్రాల ఎద్దు వచ్చింది. కూరగాయల వాళ్ళూ, బొగ్గుబిళ్ళల వాళ్ళూ, ఇల్లు మారేవాళ్ళూ అందరి చేతుల్లోనూ అదే. అక్క ఒకదాని తర్వాత ఒకటి మూడు ఎద్దులు మార్చింది. ఆ మూడోదానికి తొట్టి తుప్పు పట్టినా ఇంజను మాత్రం గడియారంలా తిరుగుతుంది. గిల్‌యోంగ్ పోయి ఆరేళ్ళయింది. ఎద్దు ఉంది కాబట్టి ఆమె ఎవరి ముందూ చెయ్యి చాచలేదు. తర్వాత దోరిమ్‌వాళ్ళకు కార్లు కట్టాలని బుద్ధి పుట్టింది. ఆ కార్లు ఎవరూ కొనలేదు. దేశంలో కంపెనీలు వరసగా కూలిన మొన్నటి చలికాలంలో దోరిమ్ గేటు కూడా మూతపడింది. "పెద్దింటి వాళ్ళతో వియ్యమందబోయి చెడ్డారు," అని అక్క రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

అక్క చేతికి ఇంకో పనిలో కూడా పేరుంది. మా దగ్గర ఎవరు బండి కొన్నా పంది తల పెట్టి, నాలుగు చక్రాలకూ బియ్యం కల్లు పోసి, బండికి మొక్కి, ఎండిన మ్యోంగ్తే చేపను తెల్లనూలు చుట్టతో బండిలో కట్టాలి. ఆ చేప కళ్ళు మూసుకోదు కాబట్టి బండికి కాపలా. చేపను ఎంచడం, కట్టడం ఇరవై ఏళ్ళుగా ఓక్‌బున్ అక్క పని. సీటు ఎత్తితే ఇంజను కనిపిస్తుంది కదా, దాని పక్కనే కడుతుంది. గుండె దగ్గర ఉండాలంటుంది. మూసేసిన కంపెనీ బండని ఒకాయన చవగ్గా వదిలించుకున్న ఎద్దును ఏప్రిల్‌లో నేను కొన్నప్పుడు కూడా అక్కే కట్టింది. నా పేరు తక్ జోంగ్గు. ఈ కథలో వెధవను నేనే, ముందే చెప్పేస్తున్నా.

ఆగస్టు చివరి వారం, క్యాబేజీ కోత. కొండ నెత్తిన చేలు గోడకు ఆనించినట్టుంటాయి. మా టన్ను బండ్లు ఖాళీగా ఎక్కి, నింపుకుని దిగి, కింద రోడ్డు మీద సియోల్ మార్కెట్టుకు వెళ్ళే పెద్ద లారీల్లోకి ఎత్తాలి. దారి ఒక్కటే, ఒక్క బండి పట్టేంత. ఆ దారి సగంలో, నెత్తిన ఎండ మండుతుండగా నా సీటు కింద నుంచి ఆవిరి లేచింది. ఆపేశాను. నా వెనక పద్నాలుగు బండ్లు ఆగాయి. పైన కోసిన క్యాబేజీ వాడిపోతోంది. కింద సరుకు కొన్న వ్యాపారి చిందులు తొక్కుతున్నాడు. నన్ను మలుపులోని ఖాళీ జాగాలోకి నెట్టేసరికి రెండు గంటలు పట్టింది. పెద్ద లారీ ఒకటి సగం సరుకుతోనే వెళ్ళిపోయింది.

సాయంత్రం కింద పందిట్లో నూడుల్స్ తింటుండగా ప్యో లేచి నిలబడ్డాడు. బండ్ల సంఘానికి పెద్ద. గిల్‌యోంగ్‌కు స్నేహితుడు, అక్కను వదినా అని పిలుస్తాడు. పోటీ కంపెనీ బండి, అదీ కొత్తది, నడుపుతాడు.

"రేపటి నుంచి దోరిమ్‌లు కొండెక్కవు," అన్నాడు. "కంపెనీయే పోయింది. పార్టులు దొరకవు. ఇవాళ ఒకటి ఆగింది, రేపు ఇంకోటి ఆగుతుంది. వ్యాపారి మనల్ని మానేసి వేరే ఊరి వాళ్ళను పిలుస్తానంటున్నాడు."

సంఘంలో ఇరవై మూడు బండ్లు. అందులో పదకొండు దోరిమ్‌లే. కోత ఉండేదే మూడు వారాలు. ఆ మూడు వారాలు కొండెక్కకపోతే మాకు ఏడాది గడవదు. అందరి చేతుల్లో చాప్‌స్టిక్స్ ఆగిపోయాయి.

అక్క మాత్రం గిన్నెలో చారు పూర్తిగా తాగి, మూతి తుడుచుకుని లేచింది.

"మరిదీ, సీటు ఎత్తి చూశావా?"

"చూసేదేముంది వదినా? కుతకుతా ఉడికింది కదా!"

"చూడకుండా తీర్పు చెప్పేశావన్నమాట. పద, నా ఎదురుగా ఎత్తు." జేబులోంచి తన బండి తాళం చెవి తీసి బల్ల మీద పెట్టింది. "తప్పు బండిదైతే ఇది నీ దగ్గరే ఉంచుకో. నేనిక కొండెక్కను. కాకపోతే పదకొండు ఎద్దులూ ఎక్కుతాయి. సరేనా?"

"సరే," అన్నాడు ప్యో. అంతమంది ముందు ఇంకేమంటాడు!

అందరం నడిచి నా బండి దగ్గరకు వెళ్ళాం. ఇంకా వెలుగుంది. అక్క సీటు ఎత్తి లోపలికి వంగింది. చాలాసేపు లేవలేదు. లేచేసరికి ఆమె ఒక చేతిలో నల్లబడిన నూలు పోగు, రెండో చేతిలో చేప తల.

ఫ్యాన్ బెల్టు ఊడిపోయి ఉంది. ముడి జారి, నూలంతా పుల్లీకి చుట్టుకుని బెల్టును పడేసింది. బెల్టు లేకపోతే నీళ్ళు తిరగవు, నీళ్ళు తిరక్కపోతే ఏ ఇంజనైనా ఉడుకుతుంది.

అక్క ఆ నూలు కొసను వేళ్ళ మధ్య తిప్పితిప్పి చూసింది. తర్వాత తలెత్తింది.

"బండి తప్పేం లేదు. ముడి జారింది. ముడి నాది."

ఇద్దరు మెల్లగా వెనక్కి జరిగి తమ బండ్ల వైపు నడిచారు, సీట్లెత్తి చూసుకోవడానికి.

"అంటే వదినా," ప్యో గొంతు తగ్గించాడు, "నువ్వు కట్టినవన్నీ ఇంతేనా? నా పాత బండికి కూడా నువ్వే కట్టావు."

"విప్పుకోండి అందరూ. ఇక నేను కట్టను." మెడలో తువ్వాలు తీసి చేతికి అంటిన మసి తుడుచుకుంది. "కానీ దోరిమ్‌ను ఏమీ అనకు. మాటంటే మాట."

ఇరవై ఏళ్ళ పేరు. మా ఊళ్ళో కొత్త బండి వస్తే మొదట పిలిచేది ఆమెనే, మొదటి గిన్నె కల్లు పోసేది ఆమెకే. అది ఆ మలుపులో, నా ఎదురుగా, మసిగుడ్డలా విదిలించి పారేసింది. ఎవరి కోసం? మూతపడిన ఒక కంపెనీ పరువు కోసం!

ఆ ముడి ఆమెది కాదు.

జూన్‌లో మా బావమరిది వచ్చాడు. ఇద్దరం కలిసి ఎంత సోజు తాగామో గుర్తు లేదు. పొద్దున్నే తల పగిలిపోతోంది. తాగిన తలకు ఎండుచేప చారును మించిన మందు లేదని మా కొండ మీద అందరికీ తెలుసు. ఇంట్లో ఎండుచేప లేదు, బండిలో ఉంది. అక్క ఎంచింది, ఇంత పొడుగు, బంగారు రంగు. మా ఆవిడ వద్దంది. నేనే తెచ్చిచ్చాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ, అంత మంచి చారు నేను మళ్ళీ తాగలేదు. వారం తర్వాత సంతలో చిన్న చేప ఒకటి కొని, అదే నూలుతో నాకు తోచినట్టు కట్టేశాను.

నోరు మూసుకుంటే నాకేం నష్టం లేదు. బండ్లు ఎక్కుతాయి, నాదీ ఎక్కుతుంది. చెబితే ఏడాది తిరగని కొత్త సభ్యుణ్ణి, నన్ను ఉంచుతారో లేదో తెలియదు. అక్క నా వైపు చూడలేదు.

"నేను తిన్నాను," అన్నాను.

"ఏం తిన్నావు?" అన్నాడు ప్యో.

"చేపని. అక్క కట్టినదాన్ని. ఇది నేను కట్టిన వేరే చేప."

ప్యో నా దగ్గరకొచ్చాడు. "బండి చేపని తిన్నావా?"

"చారు పెట్టుకున్నాం."

"చారు పెట్టుకున్నావా!"

మొదట ఎవరు నవ్వారో తెలియదు. ఒకడు నవ్వి రోడ్డు మీదే కూలబడ్డాడు. ఇంకొకడు "ముల్లంగి కూడా వేశారా?" అని అడిగాడు. ఇంకో పెద్దాయన మాత్రం నవ్వలేదు. "కాపలావాణ్ణి తినేశావు కదరా!" అని తల పట్టుకున్నాడు. నేను నేల చూపులు చూస్తూ నిలబడ్డాను. నవ్వితే నవ్వారు, నాకైతే గుండెల మీద నుంచి బండ దిగినట్టుంది.

అక్క తన బండిలోంచి పాత బెల్టు తెచ్చి ఇరవై నిమిషాల్లో బిగించేసింది. రేడియేటర్‌లో నీళ్ళు పోసింది. ఒక్కసారి తాళం తిప్పితే నా ఎద్దు లేచింది.

"ఎక్కు మరిదీ," అంది ప్యోతో. "మలుపు ఎటు తిరిగితే అటు ఒరగనక్కర్లేదు, ఇది నాలుగు చక్రాలది."

ఇద్దరూ నిట్టనిలువు దారిలో నెత్తి దాకా వెళ్ళి, అక్కడ మిగిలిపోయిన క్యాబేజీ వేసుకుని దిగివచ్చారు. మేమంతా కిందే నిలబడి మూలుగు వింటూనే ఉన్నాం. అది ఎక్కడా ఆగలేదు. ప్యో దిగి తలుపు మోకాలితో తన్ని మూశాడు. ఒళ్ళంతా చెమటలు.

"ఆ హీటరన్నా ఆపొచ్చు కదా వదినా!"

"ఆగదు," అంది అక్క గర్వంగా.

ప్యో జేబులోంచి ఆమె బండి తాళం చెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు. నాకు మాత్రం కోత అయ్యేదాకా వరసలో ఆఖరి చోటు ఇచ్చాడు.

మర్నాడు పొద్దున అక్క కొత్త చేప, కొత్త నూలు పట్టుకుని మా ఇంటికొచ్చింది. సీటెత్తి, మూడు చుట్లు, మూడు ముళ్ళు, కొస లోపలికి దోపి కట్టింది. నా పాత నూలు ముక్కను నా ముందు పడేసింది. అందులో గొడ్డును కట్టే ముడి ఒకటి నల్లగా మాడి ఉంది.

ఆ ముక్కను చేతిలోకి తీసుకున్నాను. "అక్కా, నీకు నిన్ననే తెలుసా?"

"నా ముడి నాకు తెలియదట్రా?"

"మరి నీ మీద వేసుకున్నావేం?"

"బండి మీద పడకుండా ఉంటే చాలనుకున్నాను. నీ సంగతి నువ్వు చూసుకుంటావేమోనని చూశాను."

"నేను చెప్పకపోయుంటే?"

అక్క సీటు దించి, దాని మీద గట్టిగా ఒక్క చరుపు చరిచింది.

"ఏముంది, నీకు దోరిమ్ అచ్చిరాదు, వెళ్ళి ప్యో కంపెనీ బండి కొనుక్కో అనేదాన్ని."