ఖబూరాలో తూటాల కరువు

కడప వజీర్‌కు ఉన్నది ఉన్నట్టు చెప్పడం చేతకాదు. అలాగని అబద్ధాలకోరు అనుకోకండి. నమాజు తప్పడు, యజమాని సొమ్ము ముట్టడు, ఇన్నేళ్ళుగా ఒమాన్‌లో బండి తోలుతున్నా ఎవరితోనూ మాట పడలేదు. కాకపోతే ఒక సంగతి అతని చెవిన పడి నోట్లోంచి బయటికి వచ్చేలోపు దానికి తోక మొలిచి తీరుతుంది. రోడ్డు మీద ఒక మేక అడ్డం వస్తే మంద అంటాడు. ఎవరికైనా ఒళ్ళు వెచ్చబడిందని వింటే వాణ్ణి ఆస్పత్రిలో చేర్పించేస్తాడు.

తప్పంతా అతనిదే అనలేం. అతను పనిచేసే ఖబూరా ఊళ్ళో పెద్దమనుషులు సాయంత్రం మజ్లిస్‌లో, అంటే అతిథుల గదిలో, తివాచీ మీద కూర్చుని కహ్వా కాఫీ తాగుతారు. వాళ్ళ డ్రైవర్లు, తోటపనివాళ్ళు బయట అరుగు మీద చాప పరుచుకుంటారు. ఆ చాప మీద కొత్త వార్త తెచ్చినవాడిదే రాజ్యం. ఖర్జూరాల పళ్ళెం ముందు వాడి దగ్గరికే వస్తుంది. లోపలి పెద్దలు కూడా చెవులు ఇటే పెట్టి ఉంటారు, పైకి మాత్రం ఒప్పుకోరు. ఇలాంటి చోట ఉత్త నిజం చెప్పి ఊరుకోవడానికి వజీర్‌కు మనసొప్పేది కాదు.

అతని యజమాని హమూద్‌ను ఊరంతా బాబా హమూద్ అంటుంది. డెబ్బై దాటిన మనిషి. ఖర్జూరం తోట, నిమ్మతోట, రెండు మోకాళ్ళ నొప్పి, తండ్రి వదిలిపోయిన పాత తుపాకీ ఆయన ఆస్తి. ఆ తుపాకీతో ఆయన ఏనాడూ పిట్టను కొట్టిన పాపాన పోలేదు. తోటలో నక్క కనబడితే చెప్పు విసిరేవాడు. తుపాకీ బయటికి వచ్చేది పెళ్ళిళ్ళకే. పెళ్ళికూతురివాళ్ళు ఊరి మొగదలకు రాగానే పెళ్ళికొడుకువాళ్ళు గుండు లేని, మందు మాత్రమే దట్టించిన తూటాలు గాలిలోకి పేల్చి స్వాగతం చెబుతారు. వాళ్ళు పేల్చి బదులిస్తారు. మళ్ళీ వీళ్ళు, మళ్ళీ వాళ్ళు. ఎవరి తుపాకీ ఆఖరున మోగితే పరువు వాళ్ళది. పిల్లాపిల్ల ఎలా కాపురం చేశారో ఎవరికీ గుర్తుండదు గానీ, ఆఖరి చప్పుడు ఎవరిదో మాత్రం మూడు తరాలు చెప్పుకుంటారు.

ఇప్పుడు హమూద్ మనవడికి పెళ్ళి కుదిరింది. పిల్ల మరెవరో కాదు, పక్క తోట ఖల్ఫాన్ మనవరాలు. హమూద్, ఖల్ఫాన్ చిన్నప్పటి నుంచి స్నేహితులు. ఒకరి కహ్వా ఒకరు తాగనిదే పొద్దు గడవదు, ఒకరి గొప్ప ఒకరు వింటే నిద్ర పట్టదు.

ఈ పెళ్ళి కోసం వాళ్ళందరికన్నా ఎక్కువగా ఎదురు చూస్తున్నది వజీర్. పెళ్ళి కాగానే సెలవు ఇస్తానని హమూద్ మాట ఇచ్చాడు. కడపలో కూతురు సిద్రాకు తొలి కాన్పు. వాళ్ళ ఇంట్లో బిడ్డ పుట్టగానే చెవిలో నమాజు పిలుపు అజాన్ చెప్పేది తల్లి తరఫు తాత. సిద్రా పుట్టినప్పుడు ఆమె తాతే చెప్పాడు. ఆ పని కోసం వజీర్ రెండేళ్ళుగా ఊరికి పోకుండా సెలవును దాచుకుంటూ వచ్చాడు. పండగ వచ్చినా పోలేదు, సొంత చెల్లెలి ఇంట్లో పెళ్ళయినా పోలేదు. స్నానం చేసేటప్పుడు గొంతు సవరించుకుని అజాన్ సాధన కూడా చేసేవాడు.

అసలు గొడవ ఇలా మొదలైంది. లైసెన్సు ఉన్నవాళ్ళు స్వయంగా వెళ్ళి తూటాలు కొనుక్కోవాలి. మోకాళ్ళ నొప్పితో అంత దూరం వెళ్ళి ఉత్త చేతులతో రావడం ఎందుకని, మస్కట్ పని మీద వెళ్తున్న వజీర్‌ను అక్కడ అజైబాలోని తూటాల షాపు తెరిచి ఉందో లేదో చూసి రమ్మన్నాడు హమూద్. వజీర్ చూశాడు. తలుపు మూసి ఉంది. అద్దంలోంచి తొంగి చూస్తే అల్మారాలన్నీ ఖాళీ, నేల మీద రంగు డబ్బాలు. షాపుకు రంగులు వేస్తున్నారని పసిపిల్లవాడికైనా తెలుస్తుంది. బయట ఎండ మాడ్చేస్తోంది, ఎవరినీ అడగబుద్ధి కాలేదు. బండెక్కి వచ్చేశాడు.

సాయంత్రం చాప మీద అందరి కళ్ళూ తన మీదే ఉన్నాయి. షాపుకు రంగులేస్తున్నారని చెబితే ఖర్జూరాల పళ్ళెం ఎవరు జరుపుతారు? "అల్మారాలన్నీ ఖాళీ," అన్నాడు వజీర్. అంతవరకు నిజమే. కహ్వా గుక్కెడు తాగాడు. "ఇంక సరుకు రాదంట." ఈ రెండోది ఎక్కడ నుంచి వచ్చిందో అతనికే తెలియదు. నోట్లోనే పుట్టింది.

లోపల తివాచీ మీద మాటలు ఆగిపోయాయి. ఆ రాత్రి గడిచి తెల్లవారిందో లేదో, ఖబూరాలో తుపాకీ ఉన్న ప్రతి ఇంటి ముందూ కారు స్టార్టయింది. రంగులు ఆరి షాపు తెరిచేసరికి బయట జనం. మనిషికి ఇన్నే అంటే తుపాకీ సంగతే మరిచిపోయిన ముసలి బంధువులను మంచాల మీద నుంచి లేపి కార్లలో కూర్చోబెట్టుకుని వచ్చారు. వారం తిరగకుండా కొత్తగా రంగు వేసిన అల్మారాలు నిజంగానే ఖాళీ అయ్యాయి. నోట్లో పుట్టిన కరువు నేల మీదికి దిగి నడవడం మొదలుపెట్టింది. నువ్వు ముందే చెప్పబట్టి సరిపోయిందని హమూద్ వజీర్ భుజం తట్టాడు. వజీర్ కూడా ఆ క్షణాన తాను ముందే కనిపెట్టినట్టే నమ్మాడు.

హమూద్‌కు ఆ పెళ్ళికి రెండు పెట్టెలు చాలు. రెండూ దొరికాయి. పైగా మూడోది కూడా దొరికింది. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. ఖల్ఫాన్ దగ్గర ఎన్ని ఉన్నాయో తెలియదే! తెలియకపోతే తనకన్నా ఎక్కువే ఉంటాయని మనిషి మనసు చెబుతుంది. సువైక్‌లో ఉన్న బావమరిదిని బతిమాలి ఒక పెట్టె తెచ్చాడు. సీబ్‌లో ఉన్న అల్లుణ్ణి కోప్పడి ఇంకో పెట్టె తెచ్చాడు. తెచ్చిన ప్రతిసారీ అరబ్బీ, హిందీ కలిపిన తన భాషలో ఒక మాట అనేవాడు. దాన్ని తెలుగులో చెప్పుకుంటే "ఎందుకైనా మంచిది" అని. పెట్టెలు మంచాల కిందికి, బియ్యం బస్తాల వెనక్కి, చివరికి వజీర్ రూమ్‌లో ఫ్రిజ్ పక్కకి చేరాయి. మిగతా ఇళ్ళలోనూ ఇదే తంతు. శత్రువు అనేవాడు ఎక్కడా లేడు. ఒకరి అటక మీద ఏముందో ఇంకొకరికి తెలియదు, అంతే. ఆ తెలియనితనానికే వాళ్ళు తూటాలు పోగేశారు.

వజీర్ ఈ వ్యవహారాన్ని చాప మీద రోజుకో రకంగా నటించి చూపేవాడు. హమూద్ పెట్టె మీద చెయ్యి వేసి నిమరడం, ఎందుకైనా మంచిదని గొణగడం, అటూ ఇటూ చూసి తలుపు గడియ పెట్టడం చేసి చూపిస్తుంటే అందరూ పడీ పడీ నవ్వేవాళ్ళు. ఖల్ఫాన్ తోటలో పనిచేసే ఆర్మూరు లింబాద్రి మాత్రం నవ్వాపుకుని తన అర్బాబు, అంటే యజమాని, సంగతి ఒకటి చెప్పాడు. "మా అర్బాబు ఏం తక్కువ లేడు వజీర్ భాయ్. మోటరు రూంల దాసిండు. నన్ను సుత లోపలికి పోనిస్తలేడు. తోటకు నీళ్ళు వెట్టక మూడు దినాలాయె."

ఈ మాటను వజీర్ అక్కడే మింగేసి ఉంటే బాగుండేది. హమూద్‌కు మోశాడు, దారిలో మోటరు రూమ్‌ను కప్పు దాకా నింపాడు. హమూద్ ఆ పూట అన్నం తినలేదు. పొద్దున్నే మనవణ్ణి పిలిచి, సరుకు కూడేదాకా పెళ్ళి వాయిదా అని చెప్పాడు.

అప్పుడు దిగింది వజీర్ నషా. పెళ్ళి వాయిదా పడితే సెలవు వాయిదా. సిద్రా కాన్పుకు వాయిదా లేదు.

అతను భయపడ్డాడు. నిజంగా భయపడ్డాడు. పెళ్ళి ఎప్పుడని అడిగితే, ఇంకో రెండు పెట్టెలు రానీ అంటాడు హమూద్. ఆ రెండూ వస్తే ఇంకో రెండు అంటాడు. ఎన్ని పెట్టెలయితే చాలు అన్న ప్రశ్నకు ఆయన దగ్గర జవాబు లేదు, ఎందుకంటే ఆ జవాబు ఖల్ఫాన్ మోటరు రూమ్‌లో ఉంది. చివరికి వజీర్ తన జీవితంలో ఎన్నడూ చేయని పనికి తెగించాడు. చాప మీద కూర్చుని ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆ రోజు షాపుకు రంగులు వేస్తున్నారు, సరుకు రాదని ఎవరూ చెప్పలేదు, అది తన నోటి తప్పు అన్నాడు.

ఒక్కరు కూడా నమ్మలేదు. ఖర్జూరాలు నములుతూ అతన్ని ఎగాదిగా చూశారు. ఇన్నాళ్ళు లేదన్నవాడు ఇప్పుడు బోలెడంత ఉందంటున్నాడంటే, మనల్నందరినీ నిద్రపుచ్చి హమూద్ ఇంకేదో చోట కొంటున్నాడన్నమాట అనుకున్నారు. మర్నాడు ఖబూరా నుంచి ఇంకా ఎక్కువ కార్లు బయల్దేరాయి. కల్పించి చెప్పిన మాటను ఇట్టే నమ్మిన ఊరు నిజం చెప్పగానే అతన్ని అబద్ధాలకోరును చేసింది.

ఇంటికి ఫోన్ చేస్తే భార్య హలీమా అంతా విన్నది. ఆమె కేకలు వేసే మనిషి కాదు. వేసినా బాగుండేది.

"సిద్రా అబ్బా, మీ బాబాను ఎందుకు అంటారు," అంది. "రెండేండ్లు సెలవు మూట గట్టి పెట్టుకుంటిరి. పిల్ల నిక్కాకు వచ్చి నాలుగు దినాల్లో పోతిరి, మళ్ల మొగమే సూపీలేదు. ఆయప్ప తూటాలు దాసినాడు, మీరు దినాలు దాసినారు. వాడుకునేది యాడ?"

దేనికైనా ఒక తోక తగిలించగల మనిషి, ఫోన్ పెట్టేసి, కాన్పుకు ఇంకెన్ని రోజులున్నాయో వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు.

చివరికి హమూద్ మనవడే తేల్చాడు. పెళ్ళి చేస్తారా, పిల్లను తీసుకుని నేనే రిజిస్టరు ఆఫీసుకు పోనా అన్నాడు. పరువు రెండు వైపుల నుంచి లాగేసరికి ముసలాళ్ళిద్దరూ దిగొచ్చి తేదీ పెట్టుకున్నారు. వజీర్ టికెట్ ఆ మర్నాటికి.

పెళ్ళి రోజు సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక ఊరి మొగదల మైదానంలో రెండు వర్గాలూ బారులు తీరాయి. తెల్లని దిష్‌దాషా అంగీలు, నడుముకు వెండి కత్తులు, భుజాన తుపాకులు. డప్పులు మోగాయి, పాటలు సాగాయి. తూటాలు మాత్రం పేలలేదు. ముందు పేల్చినవాడి సరుకు ముందు అయిపోతుంది కదా! ఖల్ఫాన్ మొదలుపెట్టనీ అని హమూద్, హమూద్ మొదలుపెట్టనీ అని ఖల్ఫాన్. పాట అయిపోయింది. డప్పువాళ్ళ చేతులు నొప్పి పుట్టి ఆగిపోయాయి. అందరూ చెమటలు కక్కుతూ, ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటూ నిలబడ్డారు. ఊళ్ళో ఏ పెళ్ళికీ లేనన్ని తూటాలు అక్కడ ఉన్నాయి, అంత నిశ్శబ్దమూ ఏ పెళ్ళికీ లేదు.

ఆ నిశ్శబ్దంలో వజీర్ ఫోన్ మోగింది. హలీమా. ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. ఫోన్ బిడ్డ చెవి కాడ పెడతాను, అజాన్ చెప్పండి అంది. వజీర్ బండి వెనక్కి పరుగెత్తాడు. చెప్పులు విడిచి, పడమటి వైపు తిరిగి, ఒక చెయ్యి చెవికి ఆనించుకున్నాడు. అవతల పసిదాని మూలుగు సన్నగా వినిపించింది. అతని కళ్ళు నిండాయి. గొంతు సవరించుకుని మొదటి మాట ఎత్తుకున్నాడు.

సరిగ్గా అప్పుడే ఎవరి వేలో జారి ఒక తుపాకీ పేలింది. ఎవరిదో ఈ రోజుకూ ఎవరూ ఒప్పుకోలేదు. అంతే, నెలల తరబడి మంచాల కింద మగ్గినదంతా ఒక్కసారి బద్దలైంది. హమూద్ పేల్చాడు, ఖల్ఫాన్ పేల్చాడు, మంచాల మీద నుంచి లేపుకొచ్చిన ముసలివాళ్ళు కూడా పేల్చారు. ఖర్జూరం చెట్లు పొగలో కనబడకుండా పోయాయి. వజీర్ గొంతు చించుకుని అజాన్ చెబుతూనే ఉన్నాడు. తన గొంతు తనకే వినబడలేదు. అవతల బిడ్డ జడుసుకుని ఏడ్చింది, ఫోన్ ఆగిపోయింది.

పొగ విడిచాక లింబాద్రి వచ్చి, ఒక్కటి సుత మిగల్లేదు భాయ్ అని చేతులు దులుపుకున్నాడు. ఆఖరి చప్పుడు తనదేనని హమూద్, తనదేనని ఖల్ఫాన్. ఆ వాదం ఇప్పటికీ సాగుతోంది.

ఫోన్ మళ్ళీ కలిసింది. "ఏమీ ఇనబడలేదు," అంది హలీమా. "బిడ్డను అట్ల ఉంచకూడదు గదా. వియ్యంకుడు ఈడనే ఉన్న్యాడు. ఆయన చెప్పినాడు."

మర్నాడు ఎయిర్‌పోర్టుకు పోతూ అజైబాలో టాక్సీ సిగ్నల్ దగ్గర ఆగింది. పక్కనే ఆ షాపు. అద్దాల వెనక అల్మారాలు పైనుంచి కింది దాకా కొత్త పెట్టెలతో నిండి ఉన్నాయి. లోపల కొనేవాడు ఒక్కడూ లేడు. వజీర్ చేతిలో ఫోన్ ఉంది. జేబులో పెట్టుకున్నాడు. ఒక వార్తను ఎవరికీ చెప్పకుండా ఉంచుకోవడం అతనికి అదే మొదటిసారి.

కడప చేరాక స్నానం చేసి మనవరాలిని ఒళ్ళోకి తీసుకున్నాడు. నిద్రపోతోంది. వంగి, దాని చెవి దగ్గర నోరు పెట్టి, పక్క గదిలోకి కూడా వినబడనంత చిన్న గొంతుతో అజాన్ చెప్పడం మొదలుపెట్టాడు. ఒక మాట కలపలేదు, ఒక మాట తగ్గించలేదు. గుమ్మంలో నిలబడి హలీమా అంతా విన్నది.

"ఒకరు చెప్పేసినారు గదా," అంది మెల్లగా. "మళ్ల ఎందుకు?"

వజీర్ తలెత్తలేదు. బిడ్డ చెవి మీది వెంట్రుకలు వేలితో సర్దాడు.

"ఉండనీ," అన్నాడు. "ఎందుకైనా మంచిది."